బెంగళూరు చలికి కొబ్బరినూనె గడ్డకట్టింది సరే, ఒంట్లో కూడా కడుతుందా?

మీ ప్రశ్న చదవగానే ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత, ఇంత సూటిగా అడిగినవాళ్లు నా క్లాసులో ఎంతమంది ఉండేవాళ్లా అని లెక్కేసుకుంటే ఇద్దరో ముగ్గురో తేలారు. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం మీరడిగింది క్లుప్తంగా చెబుతాను. డిసెంబర్లో నెల్లూరు నుంచి వచ్చిన మీ అత్తయ్యగారు బాత్రూమ్‌లో కొబ్బరినూనె సీసా తెల్లగా గడ్డకట్టి ఉండటం చూసి, "బయటే ఇలా ఉంటే లోపల గుండెలో ఎలా పేరుకుంటుందో చూడు" అన్నారు. వంటింట్లో కొబ్బరినూనె ఆ రోజుతో బంద్. ఆవిడ అన్నది నిజమేనా? నూనెల్లో, కొవ్వుల్లో ఉండే ఈ ఫ్యాటీ యాసిడ్లు కేలరీలు ఇవ్వడం తప్ప ఒంట్లో ఇంకేం చేస్తాయి? తిండి తినని చెట్లకు నూనెతో ఏం పని? చివర్లో, ఆ సీసాలోంచి నూనె తీయడం ఎలా అని కూడా అడిగారు. దానికీ జవాబుంది, ఆఖర్న.

నా సంగతి రెండు ముక్కలు. బెంగళూరులో డిగ్రీ, పీజీ పిల్లలకు 31 ఏళ్లు బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మా ఆవిడ పుట్టిల్లు చెన్నై. ఒకే కంపెనీ కొబ్బరినూనె సీసా మైలాపూర్‌లో మా బావమరిది ఇంట్లో ధనుర్మాసం తెల్లవారుజామున కాస్త మబ్బు పట్టినట్టయి, ఎండెక్కేసరికి మామూలుగా అయిపోతుంది. బెంగళూరు మల్లేశ్వరంలో మా ఇంట్లో అదే సీసా సంక్రాంతి దాకా కొవ్వొత్తిలా ఉంటుంది. ఈ రెండు సీసాలూ చాలు, సగం పాఠం చెప్పడానికి.

ముందు అత్తయ్యగారికి జవాబు: కట్టదు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఒళ్లు 37 డిగ్రీలు. పైగా మనం తిన్న నూనె నూనెలాగే నాళాల్లోకి పోదు. పేగుల్లో విడిపోయి, మళ్లీ అతుక్కుని, ప్రోటీన్ తొడుగున్న చిన్న చిన్న బొట్లుగా రక్తంలో ప్రయాణిస్తుంది. విడి ఫ్యాటీ యాసిడ్లయితే అల్బుమిన్ అనే ప్రోటీన్ వీపెక్కి తిరుగుతాయి. బాగా నెయ్యి వేసుకుని భోంచేసిన రెండు మూడు గంటలకు రక్తం తీస్తే, పైన తేలే ద్రవం పాలు కలిపినట్టు తెల్లగా ఉంటుంది. అది ఆ బొట్ల వల్లే. ఒకప్పుడు కొలెస్ట్రాల్ పరీక్షకు పరగడుపున రమ్మని గట్టిగా చెప్పింది కూడా అందుకే. గుండె నాళాల్లో వచ్చే పూడిక వేరే కథ. ఎల్‌డీఎల్ అనే, కొలెస్ట్రాల్ మోసే రేణువులు నాళం గోడ లోపలికి దూరి, అక్కడి తెల్లరక్త కణాలు వాటిని మింగి ఉబ్బి, ఏళ్ల తరబడి సాగే వాపు అది. సింకు పైపులో నెయ్యి పేరుకున్నట్టు కాదు.

అయితే అత్తయ్యగారి భయం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. కొవ్వు గడ్డకట్టకుండా చూసుకోవడం ప్రతి ప్రాణికీ పెద్ద పని. అదెలాగో చెప్పాలంటే చీపురు పుల్లలు కావాలి.

క్లాసులో నేను నిజంగానే చీపురు పుల్లలు పట్టుకెళ్లేవాణ్ని. ముప్ఫై పుల్లలు తీసుకుని గుప్పిట్లో బిగిస్తే నున్నగా, గట్టిగా కట్టలా నిలబడతాయి. ఇప్పుడు వాటిలో పది పుల్లల్ని నడిమికి కాస్త వంచి మళ్లీ కట్టండి. ఎంత బిగించినా మధ్యలో సందులు మిగులుతాయి, కట్ట వదులుగా ఊగుతుంది. ఫ్యాటీ యాసిడ్ల సంగతీ ఇంతే. కార్బన్ల గొలుసు తిన్నగా ఉంటే శాచురేటెడ్, అంటే సంతృప్తం. గొలుసులో డబుల్ బాండ్, అంటే రెండు కార్బన్ల మధ్య జంట బంధం, ఉన్న చోట మెలిక పడితే అన్‌శాచురేటెడ్. 18 కార్బన్లున్న నాలుగు గొలుసులు తీసుకోండి. మెలిక లేని స్టియరిక్ యాసిడ్ దాదాపు 69 డిగ్రీలకు గానీ కరగదు. ఒక్క మెలిక పడిన ఒలీక్ యాసిడ్ 13 డిగ్రీలకే కరుగుతుంది. రెండు మెలికల లినోలీక్ సున్నాకు దిగువన ఐదు, మూడు మెలికల ఆల్ఫా లినోలెనిక్ సున్నాకు దిగువన పదకొండు. పొడవు అదే, కార్బన్ల లెక్క అదే, ఒక్క మెలికకు యాభై డిగ్రీలకు పైగా తేడా. ఈ ఒక్క వరస గుర్తుంటే ఇక నేను చెప్పబోయేదంతా దాని వెనకాలే నడుస్తుంది.

కొబ్బరిలో సుమారు సగం లారిక్ యాసిడ్. గొలుసు తిన్ననే గానీ 12 కార్బన్లే, పొట్టిది. పొట్టి పుల్లల కట్ట సులువుగా జారిపోతుంది కదా, అలా. పైగా సీసాలో ఉన్నవి విడి ఫ్యాటీ యాసిడ్లు కావు. మూడేసి గొలుసులు గ్లిసరాల్ అనే ఒక్కో చిన్న అణువుకు తగులుకుని ఉన్న ట్రైగ్లిసరైడ్ల కలగూరగంప. కొవ్వు అంటే ఇదీ అని మొదట విప్పి చూపించినవాడు షెవ్రొల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త, 1823లో తన పనంతా పుస్తకంగా వేశాడు. కొవ్వు మీద పని చేసి 102 ఏళ్లు బతికాడాయన. దీని నుంచి ఎవరూ ఏ నీతీ తీయక్కర్లేదు.

ఇప్పుడు ఒంట్లోకి వద్దాం. మన ప్రతి కణం చుట్టూ ఉన్న పొర ఈ గొలుసులతోనే కట్టింది. రెండు వరసలు; గొలుసులే తోకలు, అవి లోపలికి, తలలు బయటికి. ఆ పొర గోడలా గట్టిగా ఉంటే పనికిరాదు. అందులో ప్రోటీన్లు తేలుతూ తిరగాలి, తలుపులు తెరుచుకోవాలి, మూసుకోవాలి. మరీ పలచబడితే కారిపోతుంది. దోసెపిండి జారుడు లాంటిది, ఎక్కువా కాకూడదు, తక్కువా కాకూడదు. అందుకని చలి పెరిగితే ప్రాణులు మెలిక గొలుసులు పెంచుకుంటాయి. చల్లటి నీళ్లలో పెట్టిన చేప కొద్ది రోజుల్లో తన పొరలు మార్చుకుంటుంది. బాక్టీరియాకు ఆ మార్పు ఇంకా తొందరగా వస్తుంది. మంచు మీద నడిచే రెయిన్‌డీర్‌కు ఒంట్లో కొవ్వు ఒక రకం, గిట్టల దగ్గర కొవ్వు ఇంకో రకం. గిట్టల దగ్గరది చలికీ గడ్డకట్టదు. పొద్దుతిరుగుడు పంటలో గింజ కట్టే రోజుల్లో చల్లగా ఉంటే నూనెలో లినోలీక్ ఎక్కువ, ఎండలు మండితే ఒలీక్ ఎక్కువ. ఒకే విత్తనం, రెండు సీజన్లు, రెండు రకాల నూనె. సీసా గడ్డకట్టడం చూసి అత్తయ్యగారు భయపడిన విషయానికి ఆ మొక్క ముందే జాగ్రత్త పడుతోంది, అంతే.

ఇంతవరకూ వింటే మెలిక మంచిది, తిన్నన చెడ్డది అనిపిస్తుంది. టీవీల్లో, వాట్సాప్‌లో చెప్పేదీ అదే. ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

మా అన్నయ్య మనవడు 30 వారాలకే పుట్టాడు, ఇక్కడే, బెంగళూరులో. కిలోన్నర కూడా లేడు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతోంది, వదిలేటప్పుడు పిల్లిపిల్ల మూలిగినట్టు చిన్న శబ్దం. డాక్టరమ్మ ఫ్రిజ్‌లోంచి చిన్న సీసా తీయించి, చేత్తో వెచ్చబెట్టి, సన్నటి గొట్టంతో గాలిగొట్టంలోకి వదిలింది. పాలలాంటి తెల్లటి మందు, కొన్ని మిల్లీలీటర్లు. గంట తిరిగేసరికి మిషన్‌లో ఆక్సిజన్ తగ్గించారు. అద్దం బయట నిలబడి మా వదిన, "ఏం మందు బాబూ అది?" అని అడిగింది. కొవ్వు వదినా అన్నాను. నమ్మలేదు, ఈ టైమ్‌లో వేళాకోళమా అని కసిరింది.

నిజంగానే కొవ్వు. సర్ఫ్యాక్టెంట్ అంటారు, ఆవు లేదా పంది ఊపిరితిత్తుల నుంచి తీస్తారు. అందులో ముఖ్యమైన అణువుకు రెండు తోకలు, రెండూ పామిటిక్ యాసిడ్, 16 కార్బన్ల తిన్నని గొలుసులు, ఒక్క మెలిక లేదు. పామాయిల్‌లో ఉందని అందరూ తిట్టిపోసే పామిటిక్ యాసిడే. ఊపిరితిత్తుల్లోని సన్నటి గాలి సంచుల లోపల తడి ఉంటుంది. ఊపిరి వదలగానే తడి సంచి గోడలు ఒకదానికొకటి అతుక్కుపోవాలని చూస్తాయి, తడిసిన ప్లాస్టిక్ కవర్లా. ఈ కొవ్వు పొర ఆ తడి మీద పరుచుకుని, సంచి చిన్నదయ్యేకొద్దీ తిన్నని పుల్లల కట్టలా బిగుసుకుని అతుక్కోనివ్వదు. ఈ అణువు మెత్తబడేది 41 డిగ్రీల దగ్గర, మన ఒంటి వేడికి నాలుగు డిగ్రీలు పైన. అంటే ఒంట్లో కొవ్వు గట్టిపడి తీరాల్సిన చోటు ఒకటుంది, అది ఊపిరితిత్తి. నెలలు నిండని పిల్లల్లో ఈ సరుకు ఇంకా తయారై ఉండదు. కారణం ఇదేనని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ అనే డాక్టరు, సహచరుడు మీడ్‌తో కలిసి చూపించారు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనడీ కొడుకు ఈ జబ్బుతోనే రెండు రోజులు కూడా నిండకుండా పోయాడు. 1980లో జపాన్‌లో ఫుజివారా బృందం పసిపిల్లలకు ఈ మందు వేసి బతికించింది. మావాడికి ఇప్పుడు ఆరేళ్లు, మెట్లెక్కడం చేతకాదు, దూకడమే వచ్చు.

కాబట్టి పామిటిక్ చెడ్డదా, మంచిదా అని నన్ను అడగకండి. ఎక్కడ, ఎంత, ఎవరి పక్కన అని అడగండి. దీన్ని తినక్కర్లేదు కూడా, ఒళ్లే అన్నంలోని పిండి నుంచి కూడా తయారుచేసుకుంటుంది, రెండేసి కార్బన్ల ముక్కలు అతికిస్తూ. అందుకే ప్రకృతిలో దొరికే ఫ్యాటీ యాసిడ్లలో చాలావాటికి కార్బన్లు సరిసంఖ్యలో ఉంటాయి, 12, 14, 16, 18.

మన ఒంటికి చేతకానిది వేరే ఉంది. తిన్నని గొలుసు చేస్తుంది, తొమ్మిదో కార్బన్ దగ్గర ఒక మెలిక పెడుతుంది. అంతకు దూరంగా, తోక వైపు మెలిక పెట్టే ఎంజైములు మనకు లేవు. మొక్కలకు ఉన్నాయి. కాబట్టి లినోలీక్, ఆల్ఫా లినోలెనిక్ రెండూ మనం మొక్కల నుంచి, లేదా మొక్కల్ని తిన్నవాటి నుంచి తెచ్చుకోవాల్సిందే. ఇది తేల్చడం మొదలుపెట్టింది 1929లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు. అప్పటిదాకా కొవ్వంటే కేలరీలు, కాస్త విటమిన్లు, పిండి తింటే సరిపోతుంది అనుకునేవారు. వీళ్లు ఎలుకలకు విటమిన్లన్నీ ఇచ్చి, కొవ్వు మాత్రం పూర్తిగా తీసేశారు. ఎలుకలు పెరగడం ఆగిపోయాయి, తోకలు పొలుసులు దేరాయి, పిల్లలు పుట్టలేదు. ఇంకో చిన్న విషయం నాకు భలే నచ్చుతుంది: అవి నీళ్లు విపరీతంగా తాగేవి. ఎందుకంటే చర్మం పై పొరలో నీళ్లు ఆవిరైపోకుండా ఆపే కొవ్వులో లినోలీక్ యాసిడ్ ఒక భాగం. అది లేకపోతే ఒళ్లు కారే కుండ అవుతుంది, ఎంత పోసినా నిలవదు. కొద్దిపాటి లినోలీక్ ఇవ్వగానే ఎలుకలు కోలుకున్నాయి. 1970లలో పేగులు పనిచేయని రోగుల చర్మానికి పొద్దుతిరుగుడు నూనె రాస్తే లోటు కొంత తీరిందని వైద్యులు గమనించారు. చంటిపిల్లలకు నూనె రుద్దే మన అమ్మమ్మలకు ఇది చెబితే, "అందులో కొత్తేముంది?" అంటారు.

తర్వాత కబుర్లు మోసే పని. కణం పొరలో 20 కార్బన్లు, నాలుగు మెలికలున్న అరాకిడోనిక్ యాసిడ్ దాగి ఉంటుంది. దీన్ని ఒళ్లు లినోలీక్ నుంచి తయారుచేసుకుంటుంది. మీ వేలు తలుపు సందులో పడిందనుకోండి. ఒక ఎంజైము ఈ గొలుసును పొరలోంచి కత్తిరిస్తుంది, ఇంకొకటి దాన్ని మెలిపెట్టి ప్రోస్టాగ్లాండిన్‌గా మారుస్తుంది. వాపు, నొప్పి, జ్వరం దాని చేతివాటమే. ఆ పేరు పెట్టింది 1935లో స్వీడన్‌లో వాన్ ఆయిలర్ అనే శాస్త్రవేత్త. ప్రోస్టేట్ గ్రంథి నుంచి వస్తుందనుకుని అలా పెట్టాడు, తీరా చూస్తే ఒంట్లో దాదాపు అన్ని కణాలూ చేస్తాయి. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆస్పిరిన్ ఈ తయారీనే ఆపుతుందని 1971లో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. 1982లో బెర్గ్‌స్ట్రోమ్, సామ్యుయెల్సన్‌లతో కలిపి ఆయనకు నోబెల్ వచ్చింది.

ఆముదం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆముదంలో పదింట దాదాపు తొమ్మిది వంతులు రిసినోలీక్ యాసిడ్, మెలికకు దగ్గర్లో ఒక ఓహెచ్ గుంపు (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) అదనంగా ఉన్న గొలుసు. చిన్నప్పుడు సెలవుల్లో అమ్మమ్మ వరసగా కూర్చోబెట్టి తాగించేది. ముక్కు మూసుకుని తాగి, పైన కాస్త ఊరగాయ ముక్క నాకి, పెరట్లోకి పరిగెత్తడం. జిడ్డు వల్ల జారుతుందిలే అనుకునేవాళ్లం. అసలు సంగతి 2012లో జర్మనీ పరిశోధకులు బయటపెట్టారు. రిసినోలీక్ యాసిడ్ వెళ్లి పేగు కండరాల మీద ప్రోస్టాగ్లాండిన్ కోసం ఉన్న ఒక తాళాన్ని తెరుస్తుంది. ఆ తాళం లేకుండా పుట్టించిన ఎలుకలకు ఆముదం తాగిస్తే ఏమీ కాలేదు. గర్భాశయం కండరాల మీద కూడా అదే తాళం ఉంది, అందుకే కడుపుతో ఉన్నవాళ్లు ఆముదం జోలికి పోకూడదని పెద్దలు చెప్పిన మాట కొట్టిపారేయకండి.

చెట్లకు నూనెతో ఏం పని అన్నారు కదా, దీన్నీ ఆముదం గింజతోనే మొదలుపెడతాను. గింజలో నూనె ఉండేది మొలక కోసం, మన కోసం కాదు. మట్టిలో ఉన్నన్నాళ్లు ఎండ తగలదు, ఆకు ఉండదు. వేరూ కాండమూ కట్టుకోవాలంటే చక్కెర కావాలి, ఉన్నదేమో నూనె. నూనెను చక్కెరగా మార్చే దారి మొక్కలకుంది, మనకు లేదు. ఉపవాసం ఉన్నప్పుడు మనం కొవ్వును కాల్చుకోగలం గానీ, దానిలోని ఫ్యాటీ యాసిడ్లను చక్కెరగా మార్చుకోలేం. మొలకెత్తే ఆముదం గింజల్లో ఆ దారి ఉందని 1957లో కార్న్‌బర్గ్, బీవర్స్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. 1967లో బీవర్స్ బృందం అది జరిగే చిన్న గదుల్ని కూడా ఆ గింజల్లోంచే వేరుచేసింది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అని సామెత వెక్కిరించింది గానీ, బయోకెమిస్ట్రీకి అది నిజంగానే మహావృక్షం.

ఆకులో కూడా కొవ్వుంది, కంటికి కనపడదు. పచ్చదనం ఉండే క్లోరోప్లాస్ట్ లోపలి పొరలు మూడు మెలికల ఆల్ఫా లినోలెనిక్ యాసిడ్‌తో నిండి ఉంటాయి. గోంగూరలో కొవ్వు చాలా తక్కువ, కానీ ఉన్న ఆ కాస్తలో దీనిదే పెద్ద వాటా. మొక్క తన ఫ్యాటీ యాసిడ్లను తయారుచేసేదీ క్లోరోప్లాస్ట్‌లాంటి గదుల్లోనే. మనం కణం ద్రవంలో, ఒకే పెద్ద యంత్రంలాంటి ఎంజైముతో చేస్తాం. మొక్క విడివిడి ఎంజైములతో, అచ్చం బాక్టీరియాలాగా చేస్తుంది.

ఆకు పైన మైనం పూత. చేమాకు మీద నీళ్లు చల్లి చూడండి, పాదరసంలా ముత్యాలై జారిపోతాయి. తామరాకు మీద నీటిబొట్టు అని వైరాగ్యం చెప్పినవాళ్లు నిజానికి పొడవాటి ఫ్యాటీ యాసిడ్ల నుంచి పుట్టిన మైనం గురించి చెబుతున్నారు. దాని కింద క్యూటిన్ అనే వల ఉంటుంది, అదీ 16, 18 కార్బన్ల గొలుసులతో అల్లినదే. బంగాళాదుంప తొక్కలోదీ అలాంటిదే. దుంపను కోసి వదిలేస్తే రెండు మూడు రోజుల్లో కోసిన చోట కొత్త పొర కడుతుంది చూశారా, గాయానికి పక్కు కట్టినట్టు.

గాయం అన్నాను కాబట్టి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. లాల్‌బాగ్‌లో పొద్దున గడ్డి కోస్తుంటే వచ్చే పచ్చి వాసన, కీరదోసకాయ మొదటి ముక్క కోయగానే వచ్చే ఘాటు, రెండూ కోసిన క్షణంలో పుట్టినవే. కాయలో అంతకుముందు ఆ వాసన దాదాపు ఉండదు. కత్తి తగలగానే పొరలు చిరిగి, ఎంజైములు ఆల్ఫా లినోలెనిక్ గొలుసును పట్టి చిన్న ముక్కలుగా తెంపుతాయి, ఆ ముక్కలే ముక్కుకు తగులుతాయి. అదే గొలుసును మొక్క ఇంకో దారిలో జాస్మోనిక్ యాసిడ్‌గా మారుస్తుంది. పురుగు ఆకు కొరకగానే ఇది పుట్టి, పురుగుకు తిండి అరగనివ్వని ప్రోటీన్లు తయారుచేయించమని మిగతా ఆకులకు కబురు పెడుతుంది. మన ప్రోస్టాగ్లాండిన్‌కు ఇది వేలు విడిచిన చుట్టం అనుకోండి. పొరలోంచి గొలుసు కత్తిరించడం, ఆక్సిజన్ తగిలించి మెలిపెట్టడం, గాయం అయిందని చాటడం, వరస అంతా ఒకటే. 1990లో ఫార్మర్, ర్యాన్ అనే ఇద్దరు టమాటా మొక్కల పక్కన ఈ జాస్మోనిక్ యాసిడ్ రూపాన్నే వాసనగా వదిలే అడవి మొక్క కొమ్మల్ని మూసిన గదిలో పెడితే, ఏ పురుగూ తాకకుండానే టమాటాలు ఆయుధాలు సిద్ధం చేసుకున్నాయి. ఆ పదార్థం పేరు మిథైల్ జాస్మోనేట్, 1962లో జాజిపూల తైలంలో దొరికింది కాబట్టి ఆ పేరు. గాంధీ బజార్‌లో మూర జాజులు కొని తల్లో పెట్టుకున్నారంటే, ఒక మొక్క ఇంకో మొక్కకు వేసే కేకల్లో ఒకదాన్ని పెట్టుకున్నట్టే.

పురుగుల పక్షం కూడా ఒక ముక్క చెప్పకపోతే అన్యాయం. ఇక్కడికి యాభై కిలోమీటర్ల దూరంలో రామనగర, పట్టుగూళ్ల సంతకు పేరు. గుడ్ల కోసం ఉంచిన గూళ్లలోంచి ఆడ పట్టు సీతాకోకచిలుక బయటికొచ్చి తోక చివర గ్రంథి పైకి తెరిచి కూర్చుంటుంది. మగది రెక్కలు కొట్టుకుంటూ గుండ్రంగా తిరుగుతూ వెతుక్కుంటూ వస్తుంది. దాన్ని రప్పించేది బాంబికాల్, పామిటిక్ యాసిడ్ నుంచి తయారైన 16 కార్బన్ల గొలుసు. 1959లో బ్యూటెనాంట్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని పట్టుకోవడానికి సుమారు అయిదు లక్షల ఆడ చిలుకల్ని వాడితే దొరికింది కొద్ది మిల్లీగ్రాములు.

ఇంధనం సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి పరిగెత్తిస్తాను. గ్రాముకు తొమ్మిది కేలరీలు, పిండికి నాలుగు. పైగా కొవ్వును నీళ్లు లేకుండా పొడిగా దాచుకోవచ్చు, అందుకే బరువు తక్కువ. గాడ్‌విట్ అనే పక్షి అలాస్కా నుంచి న్యూజిలాండ్ దాకా 11,000 కిలోమీటర్లకు పైగా ఎక్కడా వాలకుండా ఎగురుతుంది, ఎనిమిది రోజులకు పైనే, ముఖ్యంగా ఈ కొవ్వు మీదే. పసిపిల్లలకు భుజాల మధ్య ఉండే గోధుమరంగు కొవ్వు వణుకు లేకుండా ఒంటిని వెచ్చబెడుతుంది. మీరు తిన్న కూరల్లో పీచు పెద్దపేగులో బాక్టీరియా చేతిలో బ్యుటిరిక్ యాసిడ్ అవుతుంది, పేగు గోడ కణాలకు అదే ముఖ్యమైన తిండి. వెన్న కనరెక్కితే వచ్చే ఆ వాసన కూడా ఈ బ్యుటిరిక్‌దే.

ఇక మీ వంటింటి విషయం. గడ్డకట్టదన్నాను కదా అని కొబ్బరినూనె గిన్నెలతో పోయకండి. వేరుశనగ, పొద్దుతిరుగుడు లాంటి గింజల నూనెలతో పోలిస్తే అది ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది. అంటే అత్తయ్యగారి కారణం తప్పు, ఆవిడ జాగ్రత్త కొంత ఒప్పు. అవియల్ కూరలో పైన ఒక చెంచా చుట్టుకుంటే దానికి ఏ పేచీ లేదు. ఆవిడకు గుండె జబ్బుంటే మాత్రం ఎంత అన్నది ఆవిడ డాక్టరు చెప్పాలి, నేను కాదు. నేనయితే మా ఇంట్లో వేరుశనగ, నువ్వుల నూనె మార్చి మార్చి వాడతాను, ఏ నూనె అయినా చిన్న సీసాలే కొంటాను. మెలికలు ఎక్కువున్న నూనె గాలికి, వెలుగుకు తొందరగా కనరెక్కుతుంది. మాడిన నూనె మళ్లీ మళ్లీ వాడటం కన్నా ఏ నూనె అన్న చర్చ చిన్నది. నిజంగా దూరం పెట్టాల్సింది పాత పద్ధతి వనస్పతి. అందులో డబుల్ బాండ్ ఉంటుంది గానీ మెలిక పోయి పుల్ల మళ్లీ తిన్నగా అయిపోతుంది. ఒలీక్‌కు అలాంటి కవలది సుమారు 45 డిగ్రీలకు గానీ కరగదు. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో ఈ ట్రాన్స్ ఫ్యాట్ రెండు శాతం దాటకూడదన్న నిబంధన ఉంది. బేకరీ పఫ్ కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

అవిసె గింజలు తింటే చేపలు అక్కర్లేదా అని ఎవరో కింద కామెంట్లలో అడిగారు. అవిసె నూనెలో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్కే. కానీ మెదడుకు, కంటి రెటీనాకు కావాల్సిన ఆరు మెలికల డిహెచ్ఏ అనే ఫ్యాటీ యాసిడ్‌గా దాన్ని మార్చుకోవడంలో మన ఒళ్లు బద్ధకస్తురాలు, చాలా కొద్దిగానే మారుస్తుంది. చేపలు కూడా పెద్దగా చేసుకోవు, సముద్రంలో నాచు జాతి సూక్ష్మజీవులు చేస్తే తిండి ద్వారా పైకి వస్తుంది. శాకాహారులకు ఆ నాచు నుంచే తీసిన క్యాప్సూళ్లు దొరుకుతున్నాయి. ఒక హెచ్చరిక: అవిసె పూల కూర వండుకునే అవిసె చెట్టు వేరు, ఈ గింజలు వేరు. కన్నడంలో ఈ గింజల్ని అగసె అంటారు, తమిళంలో ఆ చెట్టును అగత్తి అంటారు. బజార్లో ఈ రెండు పేర్లతో నేను ఒకసారి కాదు, రెండుసార్లు బోల్తా పడ్డాను.

సీసా సంగతి. స్టవ్ మీద పెట్టకండి, మైక్రోవేవ్‌లో అసలే వద్దు. సన్న మూతి సీసా అయితే డిసెంబర్ రాకముందే వెడల్పు మూతి డబ్బాలోకి వంపుకోండి, వేలితో తీసుకోవచ్చు. లేదంటే స్నానానికి తోడుకున్న వేడినీళ్లలో ఒక మగ్గు పక్కన పెట్టి సీసాను అందులో నిలబెట్టండి. మీరు పళ్లు తోముకునేలోపు అంచుల వెంబడి కరుగుతుంది, తలకు అంత చాలు.